పార్టులు ముందా, పనితనం ముందా? తిరుపతి, చిత్తూరు నుంచి ట్రాక్‌కు వెళ్లేవాళ్లకు

రేస్ ట్రాక్ విషయంలో మన జిల్లాలవాళ్లు అదృష్టవంతులే. హైదరాబాద్ కుర్రాళ్లు రాత్రంతా బండిని లారీలో వేసుకుని వచ్చే ట్రాక్ మనకు పొద్దుటి టిఫిన్ దూరంలో ఉంది. తిరుపతి నుంచి పుత్తూరు, నగరి, తిరుత్తణి మీదుగా పోయినా, చిత్తూరు నుంచి రాణిపేట మీదుగా పోయినా నూట ఇరవై కిలోమీటర్ల చుట్టుపక్కలే. శ్రీపెరుంబుదూరు పక్కన ఇరుంగాట్టుకోట్టైలో ఉంది మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్. 1990లో తెరిచారు. ఒక చుట్టు సుమారు 3.7 కిలోమీటర్లు, 12 మలుపులు. పాతవాళ్లు ఇప్పటికీ ఎంఎంఆర్‌టీ (మద్రాస్ మోటార్ రేస్ ట్రాక్) అనే అంటారు.

ట్రాక్ డే, అంటే మామూలు రైడర్లు సొంత బైక్‌ను రేస్ ట్రాక్ మీద నడిపే రోజు, ఖాయం కాగానే చాలామంది మొదట మెకానిక్‌కు ఫోన్ చేస్తారు. సైలెన్సర్ మార్చాలా, ఫిల్టర్ ఏది వేయాలి, ముందు స్ప్రాకెట్‌కు ఒక పన్ను తగ్గిస్తే పికప్ వస్తుందా అని అడుగుతారు. పర్సు తీసే ముందు ఒక్క లెక్క చేయండి.

50 మీటర్ల వ్యాసార్థం ఉన్న మలుపు అనుకోండి. అందులో పావు చుట్టు తిరగాలంటే 78 మీటర్లు పోవాలి. బండిని 30 డిగ్రీలు వాలిస్తే ఆ మలుపులో గంటకు 60 కి.మీ. వేగం నిలబడుతుంది, అక్కడ 4.7 సెకన్లు పడుతుంది. 40 డిగ్రీలు వాలిస్తే 73 కి.మీ., 3.9 సెకన్లు. ఒక్క మలుపులో 0.8 సెకను తేడా. ఇక సైలెన్సర్ సంగతి. దాంతో ఇంజన్ బలం 5 శాతం పెరిగిందనే అనుకుందాం. నిజానికి చిన్న బండ్లకు ఉత్త సైలెన్సర్ మారిస్తే అంత రావడం కష్టం. తిన్నటి రోడ్డులో 15 సెకన్లు పట్టే దూరంలో ఆ 5 శాతం మిగిల్చేది పావు సెకను. వేగం బలంతో సమానంగా పెరగదు, దాని ఘనమూలంతో పెరుగుతుంది, కిటుకంతా అక్కడే. తిన్నటి దారులు ఒకటో రెండో, మలుపులు పన్నెండు.

అలాగని మొదటి రోజే 40 డిగ్రీలు వాల్చేయమని కాదు. ఎక్కడ ఎంత సమయం దాగుందో తెలియడానికే ఈ లెక్క.

మొదటి పని: ఒంటి రక్షణ

దీన్ని అప్‌గ్రేడ్ అనకండి, ఇది టికెట్. లెదర్ సూట్ ఒకటే ముక్కగా ఉండాలి, లేదా నడుము చుట్టూ జిప్‌తో కలిసే రెండు ముక్కలైనా ఉండాలి. మణికట్టు దాటి పైకొచ్చే గ్లవ్స్, చీలమండను కప్పే రైడింగ్ బూట్లు, వీపుకు సీఈ లెవల్ 2 ప్రొటెక్టర్ తీసుకోండి. హెల్మెట్ ఫుల్‌ఫేస్, డబుల్ డీ రింగ్ పట్టీతో ఉండాలి. కొనేటప్పుడు ఈసీఈ 22.06 (ఐరోపా భద్రతా ప్రమాణం) గుర్తు ఉన్నది చూసుకోండి. ఒకసారి గట్టిగా కిందపడ్డ హెల్మెట్ బయటికి బాగానే కనిపించినా ట్రాక్‌కు పనికిరాదు. సూట్ అద్దెకు దొరుకుతుందేమో నిర్వాహకులను ముందే అడిగితే మొదటిసారికి ఆ ఖర్చు తగ్గుతుంది.

రెండో పని: బండిని దాని అసలు స్థితికి తేవడం

మూడు నాలుగేళ్లు నడిచిన ఆర్15, ఆర్‌సీ 390, అపాచీ, పల్సర్ ఏదైనా సరే, షోరూం నుంచి వచ్చిన రోజులా ఉండదు. కంపెనీ ఇచ్చిన సత్తాలో సగం చైన్ బిగుతులోనో, స్టీరింగ్ బేరింగ్‌లోనో, నల్లబడ్డ బ్రేక్ ఆయిల్‌లోనో పోయి ఉంటుంది. కొత్త పార్టు కొనే ముందు దాన్ని వెనక్కి తెచ్చుకోండి.

ప్యాడక్ స్టాండ్ (బండిని నిటారుగా ఎత్తి నిలిపే స్టాండ్) మీద నిలబెట్టి ముందు చక్రం నేల వదిలేలా చేయండి. హ్యాండిల్‌ను ఒక వేలితో మెల్లగా అటూ ఇటూ తిప్పండి. నడిమధ్యకు వచ్చినప్పుడు సన్నని గాటులో పడినట్టు ఆగితే స్టీరింగ్ బేరింగ్ పోయినట్టే. మన రోడ్ల గుంతలకు ఇది మామూలే. ఈ గాటు ఉన్న బండి మలుపులో చిన్న సవరింపు అడిగితే పెద్దది ఇస్తుంది. తర్వాత ఫోర్క్ కింది భాగాలు పట్టుకుని ముందుకూ వెనక్కూ లాగండి. టక్ మని చేతికి తగిలితే బేరింగ్ వదులుగా ఉంది. చక్రాన్ని పక్కలకు ఊపితే ఆడకూడదు. ఫోర్క్ మీద నూనె వలయం కనిపిస్తే సీల్ మార్చాలి.

చైన్ వదులు ఎంత ఉండాలో స్వింగ్‌ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టుకునే చేయి) మీది స్టిక్కర్‌లోనో మాన్యువల్‌లోనో ఉంటుంది. చక్రం తిప్పుతూ నాలుగైదు చోట్ల కొలిచి, అన్నిటికంటే బిగుతుగా ఉన్న చోట ఆ కొలత వచ్చేలా పెట్టండి. "ట్రాక్ కదా, కొంచెం టైట్‌గా ఉంచుదాం" అనేది చాలామంది చేసే పొరపాటు. బిగుతు ఎక్కువైతే మీరు కూర్చోగానే చైన్ వెనక సస్పెన్షన్‌ను పట్టేస్తుంది. షాక్ పనిచేయడం లేదని కొత్త షాక్ కొంటారు, తప్పు చైన్‌ది.

ఇంజన్ ఆయిల్ పై గీత దగ్గర ఉండాలి. త్రాటిల్ కేబుల్ ఉన్న బండ్లకు ఆట 2, 3 మి.మీ. మించకూడదు. ఆట ఎక్కువుంటే మలుపులో త్రాటిల్ అందుకోగానే బండి కుదుపుతుంది.

ఇక బ్రేక్ ఆయిల్. దీన్ని మాత్రం ఇంట్లో కూర్చుని మీరే చేయండి, మెకానిక్‌కు హడావుడిగా వదిలేసే పని కాదు. డాట్ 4 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల వరకు మరగదు. గాలిలోని తేమ పీల్చుకుని పాతబడితే ఆ హద్దు 155 దాకా పడిపోవచ్చు. తిరుపతి ఊళ్లో ఎంత నడిపినా ఈ తేడా తెలియదు. ట్రాక్‌లో నాలుగో చుట్టుకు లివర్ మెత్తబడి హ్యాండిల్ దాకా వచ్చేస్తుంది. రెండేళ్లు దాటినా, డికాక్షన్ రంగుకు వచ్చినా మార్చేయండి.

కావలసినవి: మూత విప్పని 250 మి.లీ. డాట్ 4 డబ్బా, నిపుల్‌కు (క్యాలిపర్ మీద ఆయిల్ బయటికి వదిలే చిన్న మర) సరిపోయే రింగ్ స్పానర్, సిరంజి, చేపల తొట్టికి వాడే పారదర్శకమైన గొట్టం ఒక మూర, ఖాళీ సీసా, తడిబట్ట.

1. పెట్రోల్ ట్యాంక్ మీద తడిబట్ట కప్పండి. డాట్ 4 చుక్క పడితే పెయింట్ లేచిపోతుంది.
2. మాస్టర్ సిలిండర్ మూత విప్పి పాత ఆయిల్ చాలావరకు సిరంజితో తీసి కొత్తది పోయండి.
3. క్యాలిపర్ నిపుల్‌కు గొట్టం తగిలించి, రెండో కొస సీసాలో కొంచెం ఆయిల్ పోసి అందులో ముంచండి.
4. లివర్ మూడుసార్లు నొక్కి, నాలుగోసారి నొక్కి పట్టుకోండి. నిపుల్ పావు చుట్టు తిప్పండి. లివర్ లోపలికి పోతుంది. నిపుల్ బిగించాకే లివర్ వదలండి. ముందే వదిలితే గాలి లోపలికి లాక్కుంటుంది, పని మళ్లీ మొదటికొస్తుంది.
5. మూడు నాలుగు సార్లకొకసారి పైన ఆయిల్ చూసి పోస్తూ ఉండండి. కింది గీత కంటే తగ్గకూడదు.
6. గొట్టంలో బుడగలు ఆగి, లేత పసుపు ఆయిల్ వచ్చేదాకా ఇదే.

రాత్రికి లివర్‌ను హ్యాండిల్‌కు కలిపి రబ్బరుతో కట్టి వదిలేయండి. తెల్లారి చూస్తే మిగిలిన సన్న బుడగలు కూడా పైకి చేరి లివర్ గట్టిపడుతుంది. ఏబీఎస్ బండిలో పైన ఆయిల్ అయిపోయి గాలి ఏబీఎస్ యూనిట్‌లోకి పోతే ఇంట్లో తీయలేరు, సర్వీస్ సెంటర్ మెషీన్ కావాలి. అందుకే పై ఐదో మెట్టును మరవొద్దు. సిలికాన్‌తో చేసే డాట్ 5 ఇందులో కలపకూడదు. పేరులో అంకె పెద్దదని అది మెరుగైనది కాదు.

ప్యాడ్లు సగానికి పైగా మందం ఉండాలి. కొత్తవి వేస్తే ట్రాక్‌కు పోకముందే వంద కిలోమీటర్లు మామూలుగా నడిపి డిస్క్‌కు అలవాటు చేయండి.

మూడో పని: టైర్లు, గాలి

నైపుణ్యం రాకముందే డబ్బు పెట్టదగ్గ పార్టు ఒక్కటే, టైరు. టైరు పక్కన నాలుగు అంకెలు ఉంటాయి. 3223 అంటే 2023లో 32వ వారం తయారైందని. ఐదేళ్లు దాటినది గాడులు ఎంత లోతుగా కనిపించినా మార్చండి, రబ్బరు గట్టిపడి ఉంటుంది. కొత్తది తీసుకునేటప్పుడు సైజు మార్చకండి. 140 ఉన్న చోట 150 పెడితే బండి బలంగా కనిపిస్తుంది నిజమే. కానీ రిమ్ వెడల్పు అదే కాబట్టి టైరు అంచులు లోపలికి నొక్కుకుని మధ్యలో గుబ్బలా లేస్తుంది. బండి వాలడానికి బద్ధకిస్తుంది. కొత్త టైరు మీద సన్నని జారుడు పొర ఉంటుంది. అది పోయేదాకా ఓ వంద కిలోమీటర్లు నెమ్మదిగా నడపండి.

గాలి విషయంలో ఒకే అంకె పట్టుకుని వేలాడకండి. పెట్రోల్ బంకు మీటర్ మీద ఆధారపడకుండా సొంత గేజ్ ఒకటి కొనండి. పొద్దున్నే నీడలో, బండి కదలకముందు, మాన్యువల్‌లో చెప్పినదానికంటే 2 పీఎస్‌ఐ తగ్గించి మొదలుపెట్టండి. సెషన్ అయ్యి లోపలికి రాగానే, హెల్మెట్ తీయకముందే మళ్లీ కొలవండి. 3 నుంచి 5 పీఎస్‌ఐ పెరిగితే బాగున్నట్టు. 1, 2 మాత్రమే పెరిగితే చల్లగా ఉన్నప్పుడు గాలి ఎక్కువైంది, టైరు వేడెక్కలేదు. 6 దాటితే తక్కువైంది, టైరు గోడలు నలిగి వేడి పుట్టిస్తున్నాయి. ఒకసారికి ఒక్క పీఎస్‌ఐ చొప్పునే మార్చండి. ఇంకొకటి, రెండు సెషన్ల మధ్య బండిని ఎండలో ఒక పక్కకు నిలబెట్టకండి. మన వైపు ఎండకు ఒక పక్క రబ్బరు కాలిపోతుంది, గేజ్ తప్పు చెబుతుంది.

నాలుగో పని: సస్పెన్షన్‌ను మీ బరువుకు కట్టడం

షాక్ కొనడం కాదు, ఉన్నదాన్ని కొలవడం. ఇద్దరు స్నేహితులు, టేపు, కాగితం ఉంటే అరగంట పని.

వెనక చక్రం గాలిలో ఉండగా యాక్సిల్ నుంచి దాని నిట్టనిలువు పైన టెయిల్ మీద ఒక గుర్తుకు కొలవండి. 560 మి.మీ. వచ్చిందనుకోండి. తర్వాత సూట్, హెల్మెట్‌తో సహా ఎక్కి రైడింగ్ భంగిమలో కూర్చోండి. ఒకరు ముందు పట్టుకోవాలి. రెండోవారు టెయిల్‌ను కిందికి నొక్కి మెల్లగా వదిలి కొలవాలి, 524 వచ్చింది. ఇప్పుడు పైకి ఎత్తి మెల్లగా వదిలి కొలవాలి, 532 వచ్చింది. సగటు 528. 560లోంచి తీస్తే 32 మి.మీ. దీన్నే శాగ్ అంటారు. వెనక చక్రం పైకీ కిందికీ 120, 130 మి.మీ. కదిలే బండికి 30 నుంచి 35 ట్రాక్‌కు బాగుంటుంది. ఎక్కువ వస్తే సి స్పానర్‌తో ప్రీలోడ్ కాలర్ (స్ప్రింగ్‌ను ముందే ఎంత నొక్కి ఉంచాలో సర్దే రింగ్) ఒక మెట్టు బిగించి మళ్లీ కొలవండి. పైకి ఎత్తినప్పటి కొలతకూ కిందికి నొక్కినప్పటి కొలతకూ తేడా 10 మి.మీ. దాటితే లింకేజీలో ఎక్కడో రాపిడి ఉంది, గ్రీజు అడుగుతోంది.

ప్రీలోడ్ బిగిస్తే స్ప్రింగ్ గట్టిపడుతుందని ఒక నమ్మకం ఉంది. స్ప్రింగ్ అదే స్ప్రింగ్, బండి ఎత్తు మాత్రమే మారుతుంది. 55 కిలోల మనిషికీ 90 కిలోల మనిషికీ కంపెనీ ఒకే స్ప్రింగ్ ఇస్తుంది కాబట్టి, ప్రీలోడ్ కొస దాకా బిగించినా శాగ్ ఆ కొలతకు రాకపోతే అప్పుడే స్ప్రింగ్ మార్చే మాట. ముందు ఫోర్క్‌కు సర్దుబాటు లేని బండ్లలో ఆయిల్ మార్చడమే పెద్ద మందు. చాలా బండ్లలో కొన్నప్పటి ఆయిలే ఉంటుంది. కంపెనీ చెప్పిన గ్రేడు, చెప్పిన కొలత పోయించండి. చివరగా ఫోర్క్ గొట్టానికి ఒక ప్లాస్టిక్ జిప్ టై కట్టండి. అది ఎక్కడి దాకా జరిగిందో చూస్తే ఫోర్క్ ఎంత కూరుకుందో తెలుస్తుంది.

బండి సంగతి ప్రస్తుతానికి ఇంతే. దీని తర్వాత డబ్బు ఆపండి.

ఐదో పని: ఊళ్లోనే సాధన

మొదట ఎక్కడ చేయకూడదో చెప్పాలి. తిరుమల ఘాట్, భాకరాపేట ఘాట్, మొగిలి ఘాట్, హార్స్‌లీ హిల్స్ రోడ్డు సాధన చేసే చోట్లు కావు. ఘాట్ మలుపు అవతల ఏముందో కనిపించదు. ఆగిన బస్సు ఉండొచ్చు, రోడ్డు మీద ఇసుక ఉండొచ్చు, కోతుల గుంపు ఉండొచ్చు. ట్రాక్‌లో నేర్చేదంతా అదే మలుపును అదే చోట ఇరవై సార్లు తిరిగి నేర్చేది. ఘాట్‌లో అది కుదరదు, పైగా నేరం.

ఊరి బయట ప్లాట్లు వేసి ఇళ్లు కట్టని వెంచర్లు బోలెడున్నాయి. ఓనర్‌ను అడిగి ఆదివారం పొద్దున ఆరు నుంచి ఎనిమిది దాకా ఒక రోడ్డు వాడుకోండి. ముందు చీపురుతో ఇసుక ఊడ్చండి. లీటరు నీళ్ల సీసాల్లో ఇసుక నింపితే అవే కోన్లు. హెల్మెట్, గ్లవ్స్, బూట్లు ఇక్కడా తప్పవు.

బ్రేక్ సాధన: ఒక సీసా పెట్టి 40 కి.మీ. వేగంతో వచ్చి, ముందు చక్రం సీసా దాటగానే బ్రేక్ పట్టి ఎక్కడ ఆగారో సుద్దతో గీయండి. మామూలు రైడర్ 12, 13 మీటర్లకు ఆగుతాడు. ఎండు తారు మీద మంచి టైరుకు 8 మీటర్లు సాధ్యం. లివర్‌ను నిమ్మకాయ పిండినట్టు పిండాలి. మొదట మెత్తగా పట్టి, బరువు ముందు చక్రం మీదికి వచ్చాక గట్టిగా. ఒక్కసారిగా లాగితే బరువు రాకముందే చక్రం పట్టేసి ఏబీఎస్ టకటకమంటుంది, దూరం పెరుగుతుంది. నలభై సార్లు చేయండి. 40 మీద గీతలన్నీ ఒక మీటరు లోపల పడ్డాకే 60కి వెళ్లండి. 60 మీద ఇదే తేడా 28 మీటర్లు, 18 మీటర్లు అవుతుంది.

హ్యాండిల్ నొక్కడం: 12 మీటర్ల ఎడంలో ఆరు సీసాలు వరసగా పెట్టి 40 మీద వాటి మధ్య నుంచి మెలికలు తిరగండి. ఎడమకు పోవాలంటే ఎడమ చేతిని ముందుకు నెట్టండి. కుడికి కుడి. వినడానికి తలకిందులుగా ఉంటుంది, చేశాక ఇక మరచిపోరు. ఒంటిని ఊపి బండిని తిప్పాలని చూసేవాళ్లు నాలుగో సీసాను గుద్దేస్తారు.

చేతులు వదులుగా ఉన్నాయో లేదో చూడటానికి పెద్ద వృత్తంలో నెమ్మదిగా తిరుగుతూ మోచేతులను కోడి రెక్కల్లా ఆడించండి. బండి వణికితే మీరు హ్యాండిల్‌కు వేలాడుతున్నారు. ఒంటిని పట్టుకోవాల్సింది తొడలు, ట్యాంక్‌ను నొక్కి.

ఇంట్లో ప్యాడక్ స్టాండ్ మీద రోజూ పది నిమిషాలు కూర్చోండి. పాదం ముందు భాగం ఫుట్‌పెగ్ మీద, ట్యాంక్‌కూ మీకూ మధ్య పిడికిలి పట్టేంత ఖాళీ, పిరుదు సగం లోపలి పక్కకు, బయటి తొడ ట్యాంక్‌కు తాళం వేసినట్టు, తల లోపలి అద్దం ఉండే చోటికి. ఫోన్‌తో వీడియో తీసి చూసుకోండి. చాలామందిలో ఒకే తప్పు కనిపిస్తుంది: పిరుదు బయటికి జరిగి, తల మాత్రం బండి మధ్యలోనే ఉంటుంది. పిరుదు కంటే తల, భుజాలు జరగడం ముఖ్యం. మూడో రోజుకు తొడలు పట్టేస్తే సరైన చోట పని జరుగుతున్నట్టు.

ఆరో పని: ట్రాక్ రోజున ఒక సెషన్‌కు ఒకే విషయం

ముందు రోజే అద్దాలు, నంబర్ ప్లేట్ విప్పి, లైట్లకు టేపు వేయండి. కూలెంట్ బదులు నీళ్లు పోయమని నిర్వాహకులు అడిగితే పోయాలి. ట్రాక్ మీద కారిన కూలెంట్ సబ్బులా జారుతుంది. జెండాలు కంఠతా రావాలి. పసుపు ఊపితే ప్రమాదం, దాటొద్దు. ఎరుపు అంటే సెషన్ ఆగింది, వేగం తగ్గించి పిట్‌లోకి (ట్రాక్ పక్కన బండ్లు ఆగే చోటికి). నలుపు మీకు చూపితే మీరు బయటికి రావాలి. పసుపు మీద ఎర్ర చారలు ఉంటే నేల జారుడు. పిట్‌లోకి తిరిగే ముందు చేయి ఎత్తండి.

మెల్లగా నడిపేవాళ్ల గ్రూపులో పేరు ఇవ్వండి. అహంకారంతో పై గ్రూపులో చేరితే రోజంతా వెనక చూసుకోవడంతోనే సరిపోతుంది.

మొదటి సెషన్ ఒకటే గేరులో, వీలైనంతవరకు బ్రేక్ ముట్టకుండా నడపండి. వేగం ఎంతని చూడొద్దు, దారి చూడండి. బ్రేక్ లేకపోతే మలుపులోకి ఎంత వేగంతో రావాలో కళ్లు వాటంతట అవే నేర్చుకుంటాయి. రెండో సెషన్‌లో ప్రతి మలుపుకు ఎక్కడ తిప్పడం మొదలుపెట్టాలో ఒక కదలని గుర్తు వెతకండి. తారు అతుకు, రంగు గీత, కర్బ్ మొదలు ఏదైనా సరే. నీడ, పడివున్న ఆకు పనికిరావు. మూడోది త్రాటిల్‌ది. తిప్పడం అయిపోగానే సన్నగా తెరిచి, మలుపు బయటిదాకా కొద్దికొద్దిగా పెంచుతూ పోవాలి, మధ్యలో మూయకూడదు. మూస్తే బరువంతా ముందుకొచ్చి బండి గీత తప్పుతుంది. నాలుగోది బ్రేక్. ఇప్పటిదాకా ముట్టని బ్రేక్‌ను ఇప్పుడు తెచ్చి, తిన్నగా ఉండగానే పని ముగించండి. మలుపులోకి బ్రేక్ లాక్కుపోవడం ఇంకో ట్రిప్‌కు దాచుకోండి. ఐదోది ఒంటి భంగిమ. బ్రేక్ పట్టకముందే పిరుదు జరిపేయాలి. తిప్పుతూ జరిగితే హ్యాండిల్ కదులుతుంది.

మధ్యాహ్నం తర్వాత అలసట వస్తుంది. సెషన్ల మధ్య ఓఆర్‌ఎస్ కలిపిన నీళ్లు తాగండి. సూట్ జిప్ తీసి నీడలో కూర్చోండి. తల బరువుగా ఉంటే చివరి సెషన్ వదిలేయండి, అలసినప్పుడు పడటం తేలిక.

ప్రతి సెషన్‌కూ ఒక పేజీ రాయండి. గాలి చల్లగా, వేడిగా ఎంత, జిప్ టై ఎక్కడ, ఏ మలుపులో ఏమైంది. సీ1 నుంచి సీ12 దాకా మలుపులకు నంబర్లు ఉన్నాయి కాబట్టి రాయడం తేలికే. పార్టు కొనాలా వద్దా అనేది ఈ పుస్తకమే చెబుతుంది.

ఏడో పని: తప్పు మీదా, బండిదా?

పద్ధతి సులువే. వరసగా పది చుట్లలో సమయాలు రెండు సెకన్లకు మించి ఊగుతుంటే పార్టు ప్రసక్తే వద్దు. మీరే ప్రతిసారీ వేరుగా నడుపుతున్నారు, కొత్త పార్టు ఏం చేసిందో తెలిసే దారి లేదు. సమయాలు దగ్గరకు చేరాక కూడా ఒకే చోట ఒకే ఇబ్బంది మళ్లీమళ్లీ వస్తే అప్పుడు బండి వైపు చూడండి.

మలుపు బయట బండి వెడల్పుకు పోతోందా? తొందరగా తిప్పేయడమే దాదాపు ఎప్పుడూ కారణం. ఇంకా ఆలస్యంగా తిప్పేలా ఆ గుర్తును రెండు బండ్ల పొడవు మలుపు వైపు జరిపి చూడండి. అప్పటికీ పోతే వెనక శాగ్ కొలవండి, వెనక ఎక్కువ కూరుకుపోతే ముందు చక్రం తేలికై వెడల్పుకు లాగుతుంది.

నాలుగు చుట్లకు లివర్ మెత్తబడితే అది బండిదే, కానీ ఆయిల్‌ది. ఆయిల్ కొత్తదయ్యాక కూడా మెత్తబడితే స్టీల్ బ్రేడెడ్ హోస్ (స్టీల్ అల్లిక చుట్టిన బ్రేక్ గొట్టం), సింటర్డ్ ప్యాడ్లు (లోహపు పొడితో చేసినవి) కొనొచ్చు. అంతకుముందు ఒకటి చూసుకోండి, మలుపుకు చాలా ముందే బ్రేక్ మీద వేలు ఆనించి లాగుతూ వస్తున్నారేమో. అలా చేస్తే ఏ ఆయిల్ నిలబడదు.

జిప్ టై చివరి దాకా తగులుతోందంటే ఫోర్క్ అడుగు తాకుతోంది. బ్రేక్ మొదటి పట్టు మెత్తబరచండి. రెండు సెషన్ల తర్వాతా అంతే ఉంటే గట్టి స్ప్రింగ్ కొనొచ్చు, డబ్బు వృథా కాదు.

మలుపు బయట హ్యాండిల్ తల ఊపుతోందా? స్టీరింగ్ డాంపర్ (హ్యాండిల్ ఊపును అణచే పార్టు) కొనకండి. చేతులు వదులు చేయండి. స్టీరింగ్ బేరింగ్, వెనక శాగ్ చూడండి. మూడూ సరిగ్గా ఉన్నా ఊగే చిన్న బండి అరుదు.

గేర్ తగ్గిస్తుంటే వెనక చక్రం ఎగురుతోందా? ఒక్కో గేరుకు మధ్యలో చిన్నగా రైజ్ ఇవ్వడం నేర్వండి, తొందరగా తగ్గించడం మానండి. స్లిప్పర్ క్లచ్ (గేర్ తగ్గించినప్పుడు కొంచెం జారి ఆ కుదుపును తగ్గించేది) ఉంటే తేలిక అవుతుంది గానీ చేయి తప్పును పూర్తిగా దాచదు.

ఫుట్‌పెగ్ నేలకు గీసుకుంటే మెచ్చుకునే స్నేహితులు దొరుకుతారు. ఒంటిని లోపలికి దించితే అదే వేగానికి బండి తక్కువ వాలాలి. ఒంటి పని సరిగ్గా చేశాక కూడా గీసుకుంటేనే రేర్‌సెట్ (ఫుట్‌పెగ్‌లను పైకీ వెనక్కీ జరిపే పార్టు).

తిన్నటి దారిలో బ్రేక్ గుర్తుకు చాలా ముందే చివరి గేరులో రెడ్‌లైన్ (ఇంజన్ తిరగగల గరిష్ఠ హద్దు) తగిలితే, లేదా చివరి గేరు లాగకుండా చచ్చిపోతుంటే గేరింగ్ మాట. చివరి గేరు లాగని బండికి లెక్క ఇది: ముందు 15, వెనక 45 పళ్లు ఉంటే నిష్పత్తి 3.00. ముందు 14 వేస్తే 3.21. వెనక 48 వేసినా 3.20, దాదాపు ఒకటే. ముందు స్ప్రాకెట్ చవక, కానీ చిన్న చక్రం మీద చైన్ ఎక్కువ వంగి తొందరగా అరుగుతుంది. పికప్ పెరిగినంత చివరి వేగం తగ్గుతుందని ముందే తెలుసుకోండి.

ఇంజన్ పార్టులు చిట్టచివర. బీఎస్6 బండి ఆక్సిజన్ సెన్సర్ చూసి పెట్రోల్ సర్దుకుంటుంది, ఆ సర్దుబాటుకు ఒక హద్దు ఉంది. ఫిల్టర్, సైలెన్సర్ రెండూ మార్చి ఈసీయూ (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్) ముట్టకపోతే గట్టిగా తెరిచినప్పుడు గాలి ఎక్కువై ఇంజన్ వేడెక్కుతుంది. రోడ్డు మీద ఇది మోటారు వాహనాల చట్టం 1988లోని సెక్షన్ 52కు విరుద్ధం కూడా. వారంటీ పోతుంది, ట్రాఫిక్ పోలీసు చేతిలో సైలెన్సర్ పోతుంది. ఆ డబ్బుతో ఇంకో ట్రాక్ డే, వీలైతే కోచ్ ఉన్న రోజు, బుక్ చేసుకోవచ్చు.

వెళ్లడం, రావడం

మొదటిసారి బండి నడుపుకుంటూ పోకండి. పడితే ఎలా తెస్తారు? ఇద్దరు ముగ్గురు కలిసి టాటా ఏస్ మాట్లాడుకోండి. ముందు చక్రాన్ని క్యాబిన్ గోడకు ఆనించి, ఫోర్క్ కింది క్లాంప్‌కు రెండు వైపులా పట్టీలు వేసి, ఫోర్క్ సగం దిగేలా బిగించండి. హ్యాండిల్ గ్రిప్‌లకు కట్టకూడదు. వెనక చక్రానికి ఇంకో రెండు. సైడ్ స్టాండ్ మీద నిలబెట్టి కడితే రాణిపేట చేరేలోపు పట్టీ వదులవుతుంది.

నడుపుకుంటూ వచ్చేయాల్సి వస్తే అద్దాలు, నంబర్ ప్లేట్, లైట్లు తిరిగి బిగించి, కూలెంట్ మళ్లీ పోసి, గాలిని రోడ్డు కొలతకు పెంచండి. ఒక గంట పడుకుని బయల్దేరండి. ఆ రోజంతా ఎదురు వాహనం లేని దారికి అలవాటైన కన్ను తిరుత్తణి రోడ్డులో ఎదురొచ్చే లారీని ఆలస్యంగా చూస్తుంది.